న్యూయార్క్ సబ్‌వే అన్‌లిమిటెడ్ పాస్: పదకొండేళ్ళు వాడాక

నాన్న తెనాలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 2018లో అమ్మా నాన్నా న్యూయార్క్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు, సబ్‌వే రైళ్ళూ బస్సులూ ఏడు రోజులపాటు ఎన్నిసార్లైనా ఎక్కనిచ్చే అన్‌లిమిటెడ్ మెట్రోకార్డు కొని ఆయన చేతిలో పెట్టాను. పసుపు పచ్చ ప్లాస్టిక్ కార్డు. అటూ ఇటూ తిప్పి చూసి ఆయన అడిగిన మొదటి మాట: "దీని మీద ఫొటో లేదేంటమ్మా? పాస్ అంటే ఫొటో ఉండాలిగా!"

లేదన్నాను. పేరు కూడా ఉండదన్నాను. "మరి లోపలికెళ్ళినవాడు కార్డు వెనక్కి పారేస్తే బయటివాడు వాడుకోడా?" అని రెండో ప్రశ్న. ముప్ఫై ఏళ్ళు పాసులు చూసిన మనిషికి మొదట తట్టేది దొంగదారే. దానికీ జవాబుంది. ఒకసారి గేటు దగ్గర గీకిన అన్‌లిమిటెడ్ కార్డు మళ్ళీ అదే స్టేషన్‌లో 18 నిమిషాల దాకా పనిచేసేది కాదు. నాన్న తల పంకించి, "ఎవడో కండక్టరే రాసుంటాడు ఈ రూలు" అన్నారు. ఆ రూలు మమ్మల్నే ఎలా పట్టుకుందో తర్వాత చెబుతాను.

నేను 2014లో న్యూయార్క్ నగరంలోనే ఒక భాగమైన క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్ అనే పేటలో అద్దెకు దిగాను. ఆఫీసు మన్‌హటన్ దక్షిణ భాగంలో. అప్పుడు 30 రోజుల కార్డు 112 డాలర్లు, ఏడు రోజులది 30. నాకు ఆఫీసు కోసం నెల కార్డు, వచ్చిన చుట్టాలకు వారం కార్డు. ఇలా మెట్రోకార్డుల కాలం అయిపోయేదాకా నడిచింది. చివరికి ధరలు 132, 34 అయ్యాయి. 1998 జులై 4న ఈ అన్‌లిమిటెడ్ పాసులు మొదలైనప్పుడు వారానికి 17 డాలర్లేనట.

లెక్క చెప్పందే మనవాళ్ళకు సమీక్ష చదివినట్టుండదు కాబట్టి ముందు అది. 2018లో ఒకసారి ఎక్కితే 2.75 డాలర్లు, వారం కార్డు 32. అంటే వారంలో పన్నెండుసార్లు ఎక్కితే గిట్టుబాటు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు రోజుకు నాలుగైదుసార్లు ఎక్కుతారు, మూడో రోజుకే డబ్బు వచ్చేస్తుంది. నా నెల కార్డు అప్పుడు 121 డాలర్లు. అంటే సరిగ్గా 44 ప్రయాణాలు. నెలకు 22 పనిదినాలు, రానూ పోనూ కలిపితే అదే 44! పైగా ఎప్పటికప్పుడు డబ్బు వేసుకునే కార్డుకు అప్పట్లో 5 శాతం బోనస్ ఇచ్చేవారు. కాబట్టి ఒక్క ఆఫీసుకే అయితే నెల కార్డు కాస్త నష్టమే. నాకు లాభమంతా శని ఆదివారాల్లో వచ్చింది.

అయితే ఇన్నేళ్ళు వాడాక నాకు తెలిసిందేంటంటే, ఈ కార్డుతో మిగిలే డబ్బు పెద్ద విషయం కాదు. దిగడానికి భయం పోతుంది, అదీ అసలు సంగతి. విడి టికెట్‌తో తిరిగేవాడు వెళ్ళాల్సిన చోటుకే వెళ్తాడు. కిటికీలోంచి ఏదో బాగుందనిపించినా దిగడు, మళ్ళీ ఎక్కాలంటే ఇంకో రెండు డాలర్ల డెబ్బై ఐదు సెంట్లు. డాలర్‌ని రూపాయల్లోకి మార్చుకుంటూ బతికే మన అమ్మానాన్నలైతే అసలే దిగరు. అదే వారానికి ముందే కట్టేశామని తెలిస్తే? రెండో రోజు నుంచి అమ్మే మొదలుపెట్టింది: "అదేంటే ఆ గుండ్రటిది? డబ్బులు కట్టేశాంగా, దిగుదాం పద."

ఆ గుండ్రటిది యూనిస్ఫియర్. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఉక్కు భూగోళం. 7వ నంబరు రైలులో ఫ్లషింగ్ వెళ్తుంటే మెట్స్-విలెట్స్ పాయింట్ దగ్గర దిగి పార్కులోకి నడవాలి. అసలు మేం బయల్దేరింది ఫ్లషింగ్ గణపతి గుడికి. దిగాం కదా అని పక్కనే క్వీన్స్ మ్యూజియంలోకి వెళ్ళాం. ఆ ప్రదర్శన కోసమే చేసిన న్యూయార్క్ నగరం మొత్తం నమూనా అక్కడుంది, ఒక్కో భవనంతో సహా. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి మా ఇల్లెక్కడో వెతికారు. దొరికిందనే అన్నారు. నాకు నమ్మకం లేదు.

ఈ 7వ నంబరు రైలు గురించి కాస్త ఎక్కువే చెబుతాను. క్వీన్స్‌లో ఇది చాలాదూరం నేల మీద కాదు, కింద కాదు, ఇళ్ళ మేడల ఎత్తున పోతుంది. 74వ వీధి స్టేషన్లో దిగితే బంగారం కొట్లు, చీరలు, పాన్ డబ్బాలు, నేపాలీ మోమోల వాసన. ఇంకొన్ని స్టేషన్లు పోతే బోర్డులన్నీ స్పానిష్‌లోకి మారిపోతాయి. చివర ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్లో దిగితే చైనాలో దిగినట్టే. అక్కణ్ణుంచి గుడికి ఓపికుంటే నడక, లేదంటే బస్సు. బస్సుకూ అదే కార్డు. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఈ గుడి కింద క్యాంటీన్ ఉంది. దోసె తినకుండా వచ్చేస్తే గుడికి వెళ్ళిన ఫలం సగమే అని మా ఇంట్లో మాట.

తిరుగు ప్రయాణంలో మన్‌హటన్ వైపు వెళ్తుంటే, క్వీన్స్‌బరో ప్లాజా దాటి పట్టాలు వంపు తిరిగేచోట ఎదురుగా ఆకాశహర్మ్యాలన్నీ ఒక్కసారిగా వరసకడతాయి. సాయంత్రం ఐదున్నరకి అయితే మరీ బాగుంటుంది. దానికోసం పై అంతస్తు టికెట్టు కొని భవనాలెక్కేవాళ్ళున్నారు. ఎక్కండి, వద్దనను. కానీ ముందు ఇది చూడండి.

లోకల్ రైలుకీ ఎక్స్‌ప్రెస్ రైలుకీ తేడా అమ్మకు ఎంత చెప్పినా ఎక్కలేదు. నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. "ఇది పల్లెవెలుగు, అది ఎక్స్‌ప్రెస్. ఛార్జీ మాత్రం ఒకటే." నాలుగేళ్ళుగా నా భర్తకు నేను చెప్పలేకపోయింది అదే.

ఇంకొన్ని నా సొంత దారులు. క్యూ రైలెక్కి బ్రూక్లిన్ వైపు వెళ్తూ కుడిచేతి వైపు కూర్చోండి. కెనాల్ స్ట్రీట్ దాటాక రైలు మన్‌హటన్ బ్రిడ్జి మీదికొస్తుంది, పక్కనే బ్రూక్లిన్ బ్రిడ్జి మొత్తం కనిపిస్తుంది. అదే రైలు చివరికి కోనీ ఐలండ్ సముద్రం ఒడ్డున దించుతుంది. దక్షిణానికి వెళ్ళే 6వ నంబరు రైలుకు బ్రూక్లిన్ బ్రిడ్జి-సిటీ హాల్ ఆఖరు స్టేషన్. అందరూ దిగిపోయినా మీరు దిగకండి. రైలు వెనక్కి తిరగడానికి ఒక చుట్టు చుడుతుంది. ఆ చుట్టులో 1904 నాటి పాత సిటీ హాల్ స్టేషన్ చీకట్లో కనిపిస్తుంది, పెంకుల కమాన్లతో. 1945 ఆఖరున మూసేశారు. సబ్‌వే మొదలైన రోజు అక్కణ్ణుంచే మొదలైంది. చూడ్డానికి అర నిమిషం కూడా దొరకదు, మొహం కిటికీ అద్దానికి ఆనించి చూడాలి. బ్రూక్లిన్‌లో స్మిత్-నైన్త్ స్ట్రీట్స్ స్టేషన్ ఎనభై ఏడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున్న స్టేషన్ ఈ సబ్‌వేలో ఇంకోటి లేదు. రోజూ వెళ్ళేవాళ్ళు ఫోన్లోంచి తలెత్తరు, మనం మాత్రం ప్లాట్‌ఫామ్ మీద నిలబడి దూరంగా లిబర్టీ విగ్రహాన్ని చూడొచ్చు.

చాలామందికి తెలియనిది రూజ్‌వెల్ట్ ఐలండ్ ట్రామ్. 1976 నుంచి నడుస్తోంది. 59వ వీధి, రెండో అవెన్యూ దగ్గర ఎక్కితే తీగల మీద వేలాడుతూ ఈస్ట్ రివర్ దాటిస్తుంది. ఇదీ సబ్‌వే కార్డుతోనే. అమ్మ కళ్ళు మూసుకుని లలితా సహస్రనామం అందుకుంది. అటువైపు దిగాక, "మళ్ళీ దీంట్లోనే వెళ్దామా?" అని అడిగింది.

ఇక తిట్లు.

మెట్లు. ఈ ఊళ్ళో 472 స్టేషన్లున్నాయి, వాటిలో సగానికి పైగా లిఫ్టులు లేవు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను తీసుకెళ్ళేముందు మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తున్న స్టేషన్లు చూసి పెట్టుకోండి. 2024లో అమ్మా నాన్నా రెండోసారి వచ్చినప్పుడు మా దారులన్నీ ఆ గుర్తును బట్టే మారిపోయాయి. ఆ వారం పాస్ డబ్బు వచ్చిందంటే బస్సుల వల్లే. బస్సు మెల్లగా పోతుంది, కానీ మొదటి మెట్టు దగ్గరే ఎక్కేయొచ్చు, పైగా ఊరు కనిపిస్తుంది. పెద్దవాళ్ళకు నేనిప్పుడు చెప్పేది ఇదే: సగం సబ్‌వే, సగం బస్సు. మరుగుదొడ్లున్న స్టేషన్లు తక్కువ, కాబట్టి పబ్లిక్ లైబ్రరీలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. జులైలో ప్లాట్‌ఫామ్ మీద ఉడికిపోతారు, రైలెక్కగానే చలికి వణుకుతారు. చున్నీ దగ్గరుంచుకోండి. శని ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు చేస్తారు, ఒక దారి రైలు ఇంకో దారిలో పోతుంది. గోడ మీద అంటించిన కాగితం చదవకుండా ఎక్కితే ఎక్కడ తేలతారో చెప్పలేను. నేను ఒకసారి మ్యూజియంకని బయల్దేరి బ్రూక్లిన్‌లో తేలాను. పాస్ ఉంది కాబట్టి ఏడవలేదు, అక్కడే టిఫిన్ చేసి వచ్చాను.

ఇప్పుడా 18 నిమిషాల కథ. లెక్సింగ్టన్ అవెన్యూ 28వ వీధి దగ్గర మన హోటళ్ళు చాలా ఉంటాయి. భోజనం చేసి 6వ నంబరు స్టేషన్లోకి దిగాం. అక్కడ ఉత్తరానికి వెళ్ళే రైలుకు ఒకవైపు గేటు, దక్షిణానికి వెళ్ళే రైలుకు వీధికి అవతల ఇంకో గేటు. నేను మాట్లాడుతూ తప్పు గేటులోంచి ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళాను. బయటికొచ్చి, వీధి దాటి, ఇటువైపు గీకితే "జస్ట్ యూజ్డ్" అని వచ్చింది. ఒకటే స్టేషన్ కదా మరి! నాన్న వాచీ చూసుకుని, "ఇంకా పదమూడు నిమిషాలుంది" అన్నారు, ఏదో డిపోలో బస్సు టైముకి చూసినట్టు. అమ్మ ఊరుకుంటుందా, పక్కనున్న మన సరుకుల కొట్టుకెళ్ళి కరివేపాకు కొనుక్కొచ్చింది. లోపలికి దిగేముందు బోర్డు మీద ఏ వైపు అని రాసుందో చూసుకోండి. అంతే.

మెట్రోకార్డు గీకడం కూడా ఒక విద్యగానే ఉండేది. మరీ మెల్లగా లాగితే చదివేది కాదు, గబుక్కున లాగినా చదివేది కాదు. మళ్ళీ గీకమంటే అదే గేటు దగ్గర గీకాల్సి వచ్చేది, పక్క గేటుకి వెళ్తే ఒక్కోసారి వాడేసినట్టు చూపించేది. నాన్నకు రెండు రోజుల్లో పట్టుబడింది. అమ్మకు చివరిదాకా రాలేదు.

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. నది కింద నుంచి వచ్చే పాత్ రైలులో ఈ అన్‌లిమిటెడ్ పాస్ చెల్లేది కాదు. డబ్బు వేసుకునే మెట్రోకార్డు చెల్లేది, అన్‌లిమిటెడ్ చెల్లేది కాదు. రెండూ ఒకే రంగు. జెర్సీ సిటీలో మా కజిన్ ఇంటికి వెళ్ళేటప్పుడు తెలియక గీకి, వెనక పెద్ద క్యూ ఆపేశాను. జేఎఫ్‌కే విమానాశ్రయం ఎయిర్‌ట్రైన్‌కీ విడిగా కట్టాల్సిందే. ఎక్స్‌ప్రెస్ బస్సులూ మామూలు పాస్‌లోకి వచ్చేవి కావు. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి మాత్రం ఏ పాసూ అక్కర్లేదు, అది అందరికీ ఉచితం.

2025 డిసెంబర్ 31తో మెట్రోకార్డు అమ్మకాలు ఆగిపోయాయి. వాటితో పాటే ముందే డబ్బు కట్టే వారం పాస్, నెల పాస్ కూడా పోయాయి. ఇప్పుడు ఫోనో, బ్యాంకు కార్డో, మెట్రోకార్డు స్థానంలో వచ్చిన ఓమ్నీ కార్డో గేటుకి ఆనించడమే. 2026 జనవరి నుంచి ఒకసారికి 3 డాలర్లు. ఏడు రోజుల్లో 35 డాలర్లు నిండితే మిగతా ప్రయాణాలు ఉచితం. పదకొండుసార్లకు 33, పన్నెండోసారికి 2, ఆ తర్వాత ఏమీ లేదు. లెక్క ప్రకారం ఇదే మేలు. తక్కువ తిరిగినవాడికి నష్టం లేదు, ముందు కొనాలా వద్దా అన్న టెన్షన్ లేదు. కాకపోతే వారమంతా ఒకే కార్డు లేదా ఒకే ఫోను ఆనించాలి. ఓసారి ఫోను, ఓసారి కార్డు అంటే రెండు వేరువేరు లెక్కలవుతాయి. ఒక్క కార్డుతో ఇంటిల్లిపాదికీ ఆనిస్తే ఒక్కరి ప్రయాణాలే లెక్కకొస్తాయి. మనిషికో ఓమ్నీ కార్డు కొనండి. ఇండియా బ్యాంకు కార్డు వాడితే మారకం ఛార్జీలు ఎంతో ముందే కనుక్కోండి.

నెల పాస్ పోవడం మాత్రం నాకు నచ్చలేదు. రోజూ తిరిగేవాడికి నాలుగు వారాలకు 140 డాలర్లవుతుంది.

ఈ ఏప్రిల్లో మా అత్తయ్యా మామయ్యా వచ్చారు. కొత్త పద్ధతి వివరంగా చెప్పడం నా తప్పే. మామయ్య బ్యాంకు మనిషి. మొదటి రెండు రోజులూ ఎక్కిన ప్రతిసారీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి గీత పెట్టారు. యూనిస్ఫియర్ కనిపించి నేను దిగుదామంటే, "ఇప్పటికి ఏడు. తిరిగి ఎక్కితే ఎనిమిది. ఫొటోలో చూద్దాంలేమ్మా" అన్నారు. రైలు కదిలిపోయింది. అమ్మ ఉంటే ఆయన చెయ్యి పట్టుకుని దించేసేది.

నాలుగో రోజు పొద్దున గేటు దాటి వస్తూ పుస్తకంలో పదమూడో గీత పెట్టి, పెన్ను మూసి, సీటులో వెనక్కి వాలారు. "ఇంక నువ్వెక్కడ దిగమంటే అక్కడ దిగుతానమ్మా" అన్నారు. ఆ రోజు మేం తొమ్మిదిచోట్ల దిగాం. ట్రామ్ అయితే మూడుసార్లు ఎక్కారు.