ఫ్లూగ్‌వెర్ఫ్ట్ ష్లైస్‌హైమ్: నాన్నతో ఒక పూట

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మ్యూనిక్‌లో మా ఇంటికొచ్చాక చర్చిలూ పార్కులూ చూపిస్తే మొహమాటానికి తలూపారు. డాయిచెస్ మ్యూజియం వాళ్ల విమానాల శాఖ, ఫ్లూగ్‌వెర్ఫ్ట్ ష్లైస్‌హైమ్‌కి తీసుకెళ్లాకే ఆయనకి మాటలొచ్చాయి. ఎస్1 రైల్లో ఓబర్‌ష్లైస్‌హైమ్‌లో దిగి, రాజభవనాల పక్కనుంచి పావుగంట నడవాలి. 1912 నాటి ఎయిర్‌ఫీల్డ్ అది.

చూడ్డానికి చాలా ఉన్నాయి కానీ మా పూటంతా ఎఫ్-104 స్టార్‌ఫైటర్ అనే యుద్ధవిమానం దగ్గరే గడిచింది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 7 మీటర్లు కూడా లేవు. ముందు అంచు ఎంత పదునంటే, నేల మీదున్నప్పుడు పనివాళ్లకి గాయం కాకుండా తొడుగు వేసేవారు.

"ఇంత బండికి ఈ కాస్త రెక్క సరిపోద్దా అమ్మా?"

వేగంగా పోయేటప్పుడు సరిపోతుంది, చిక్కంతా దిగేటప్పుడే. వేగం తగ్గినా బరువు మోయాలని రెక్క వెనక అంచున ఉండే మడత పలకని, అంటే ఫ్లాప్‌ని, బాగా కిందికి దించితే, రెక్కని అంటుకుని పారే పల్చటి గాలి పొర ఆ వంపు దగ్గర శక్తి చాలక విడిపోతుంది. ఎత్తెక్కలేక ఆగిన తోపుడుబండిలాగా. దానికి వెనక నుంచి ఒక తోపు కావాలి. అందుకని ఇంజిన్ కంప్రెసర్ నుంచి కాస్త గాలి మళ్లించి, ఫ్లాప్ కీలు దగ్గరి సన్న సందుల్లోంచి దాని పైకి ఊదుతారు. గాలి మళ్లీ అతుక్కుంటుంది, రెక్క ఇంకాస్త బరువు మోస్తుంది. మన మిగ్-21లోనూ తర్వాతి రకాలకి ఈ ఏర్పాటు ఉండేది.

నాన్న వంగి ఫ్లాప్ కీలు వైపే చాలాసేపు చూశారు. "మా బస్సులో గాలి పోతే బ్రేకు పట్టేసుద్ది. మరి ఇక్కడ ఇంజిన్ ఆగితే?"

ఊదడం ఆగిపోతుంది, అంతే. అందుకే చక్రాలు నేలకి తగిలేదాకా పైలట్లు ఇంజిన్ పవర్ పూర్తిగా తగ్గించేవారు కాదు. జర్మనీ తీసుకున్న 916 స్టార్‌ఫైటర్లలో 292 ప్రమాదాల్లో పోయాయి, 116 మంది పైలట్లు చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఈ ఫ్లాప్ మీదికే నెట్టలేం. ఆ లెక్క విన్నాక మాత్రం నాన్న ఇంకో చుట్టు తిరిగొచ్చారు.

విమానాల మీద ఆసక్తి లేనివాళ్లకి గంట చాలు. ఉన్నవాళ్లయితే పొద్దున్నే వెళ్లండి, ఒక్కో దాని దగ్గరా నిలబడి చూడండి. ఇదే ఎస్1 మీద ఇంకా ముందుకెళితే ఫ్రైజింగ్. రెక్కని అంటుకునే ఆ గాలి పొర సంగతి 1904లో తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ పుట్టిన ఊరు.

తిరుగు రైల్లో బోయింగ్, నాసా కలిసి 2015లో చేసిన ప్రయోగం చెప్పాను. బోయింగ్ 757 విమానం నిలువు తోక మీద 31 చిన్న గాలి జెట్‌లు, అటూ ఇటూ ఊగుతూ ఊదుతాయి, లోపల కదిలే ముక్క ఒక్కటీ లేదు. ఒక ఇంజిన్ ఆగినప్పుడు విమానాన్ని తిన్నగా ఉంచడానికే అంత పెద్ద తోక పెడతారు, ఇలా ఊదితే చిన్నది సరిపోతుందేమోనని చూశారు.

"ఆ గాలెక్కడిది?"

తోకలో ఉండే చిన్న అదనపు ఇంజిన్‌ది అన్నాను.

"అట్టా అయితే సరే" అని కిటికీ వైపు తిరిగారు.