అరచేతిలో పట్టే సెల్, అర సీసా భారజలం: మూడేళ్ళ వాడకం తర్వాత

అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. రెండు పారదర్శక ప్లాస్టిక్ పలకలు, మధ్యలో నల్లటి పొర, మూలల్లో సన్న గొట్టాలు తగిలించే నాలుగు ముక్కులు, ఎరుపు నలుపు టెర్మినళ్ళు. నీళ్ళలోంచి హైడ్రోజన్ ఎలా వస్తుందో స్కూలు పిల్లలకు చూపించడానికి అమ్మే పీఈఎం సెల్ ఇది, అంటే మధ్యనున్న పొర గుండా ప్రోటాన్లను దాటించే రకం. బొమ్మకారుకు తగిలించి నడిపే రకం. మేము దీంట్లో మామూలు నీళ్ళకు బదులు భారజలం పోసి మూడేళ్ళుగా డ్యూటీరియం, అంటే బరువైన హైడ్రోజన్ గ్యాస్ తీస్తున్నాం. మేము అంటే అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్. నేను, మా అటెండరన్న, ఏటేటా మారిపోయే ఫైనలియర్ పిల్లలు.

ఇదంతా దేనికంటే ఫ్యూజర్ కోసం. టీవీ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన ఫార్న్స్‌వర్త్ ఆలోచన అది. శూన్యం చేసిన ఛాంబర్ మధ్యలో తీగలతో అల్లిన గోళం, దానికి నెగటివ్ హైవోల్టేజి, చుట్టూ పలచగా డ్యూటీరియం. అయాన్లు మధ్యకు పరుగెత్తి, గుద్దుకునే వాటిలో ఏ కొన్నో కలిసిపోతాయి, అదే ఫ్యూజన్. విదేశాల్లో ఇంటి గ్యారేజీల్లో కూడా చేసేవాళ్ళున్నారు. మా పిల్లలు యూట్యూబ్‌లో చూసి నా వెంటపడ్డారు. ముందే చెప్పేస్తున్నాను, మాది ఫ్యూజన్ జరిపే యంత్రం కాదు. ఫ్యూజన్ జరిగిందనడానికి గుర్తైన న్యూట్రాన్లు లెక్కకు అందాలంటే ఇరవై కిలోవోల్టులు, ఆపైన కావాలి. అక్కడ ఎక్స్‌రేలు, రేడియేషన్, అనుమతులు అన్నీ వస్తాయి. మేము ఐదు కిలోవోల్టులు దాటం. మధ్యలో గులాబీ రంగు చుక్క వెలిగితే చాలు, దాని వెలుగును రంగుల గీతలుగా విడదీసే స్పెక్ట్రోమీటర్‌లో చూస్తాం. కాబట్టి ఈ సమీక్ష గ్యాస్ తయారీ, దాన్ని ఛాంబర్‌లోకి వదలడం వరకే.

సెల్ పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్పతనం. ఒక పక్క భారజలం ఎక్కించి, పవర్ సప్లైలో వోల్టేజి 2 దాటకుండా, కరెంటు అర ఆంపియర్ దగ్గర కట్టేసి స్విచ్ వేస్తే, ఆ పక్క ఆక్సిజన్ బుడగలు, రెండో పక్క డ్యూటీరియం. అర ఆంపియర్‌కు నిమిషానికి దాదాపు 4 మి.లీ. గ్యాస్ వస్తుంది. 50 మి.లీ. సిరంజి నిండటానికి పదమూడు నిమిషాలు. ఎంత కరెంటుకు ఎంత గ్యాస్ రావాలో చెప్పే ఫారడే లెక్కకూ మా గడియారానికీ ఎప్పుడూ పెద్ద తేడా రాలేదు. పొటాష్, సోడా, యాసిడ్ ఏమీ కలపక్కర్లేదు. కరెంటును మోసే ఎలక్ట్రొలైట్ ఆ పొరే. ఒక మి.లీ. భారజలం నుంచి దాదాపు 1.3 లీటర్ల గ్యాస్ వస్తుంది కాబట్టి పది మి.లీ. సీసా ఒకటుంటే ఒక చిన్న ల్యాబ్‌కు ఏళ్ళ తరబడి సరిపోతుంది. మా దాంట్లో ఇంకా సగం ఉంది.

ఆ సీసా తెప్పించడం మాత్రం వేరే కథ. మన దేశంలో భారజలం అణుశక్తి చట్టం కింద నియంత్రణలో ఉన్న పదార్థం. ఊరికే కార్ట్‌లో వేసుకుని కొందామంటే కుదరదు. కాలేజీ పేరు మీద, దేనికో రాసిచ్చి, కాగితాలన్నీ నడిపి తెచ్చుకోవాలి. ఒంటరిగా ఇంట్లో చేద్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి ఆలోచించుకోండి. మణుగూరులో టన్నులకొద్దీ తయారయ్యే వస్తువు మా చేతికి పది మి.లీ. వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. తెచ్చిన రోజు అటెండరన్న సీసాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ వంచి చూసి, "నీళ్ళే కదా మేడం ఇవి" అన్నాడు. కావు. మామూలు నీటికన్నా పదకొండు శాతం దాకా బరువు. కానీ కంటికి నీళ్ళే, ఆయన మాటా తప్పు కాదు.

ఆ "నీళ్ళే కదా" మాటే మా మొదటి నష్టానికి దారి. రిహార్సల్స్ మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తుంటాం. ఒకరోజు నేను క్లాసుకు వెళ్ళొచ్చేలోపు సీసాలో నీళ్ళు అయిపోయాయని అన్న తాగే నీళ్ళ క్యాన్ లోంచి ఎక్కించాడు. "తేటగానే ఉన్నాయి కదా, ఏమవుతాది?" అనుకున్నాడు. మన జిల్లా నీళ్ళ సంగతి తెలిసిందే, కుక్కర్ అడుగున తెల్లటి పొర చూడని ఇల్లుండదు. క్యాన్ నీళ్ళలోనూ ఎంతో కొంత కాల్షియం ఉంటుంది. ఆ అయాన్లు పొరలోకి దూరి ప్రోటాన్ల చోట్లలో తిష్ట వేశాయి. మర్నాడు అదే వోల్టేజికి అర ఆంపియర్ రావాల్సిన చోట పావు కూడా రాలేదు. వారం రోజులు మంచి డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ నడిపితే కొంత తేరుకుంది గానీ మళ్ళీ పాత సెల్ కాలేదు. అన్న మీద కోపం రాలేదు. చెప్పనిది నేనే. ఇప్పుడు సెల్ పక్కన ఉండే డిస్టిల్డ్ వాటర్ సీసా మూత మీద ఎర్ర పెయింట్, ఇంకే నీళ్ళూ ముట్టొద్దని గుర్తు.

ఇంకో సంగతి. కొత్త సెల్‌లో పొర మామూలు నీళ్ళతో తడిసి వస్తుంది. నేరుగా భారజలం పోసి మొదలుపెడితే వచ్చేది హైడ్రోజన్, డ్యూటీరియం కలగాపులగం. ఓ అర మి.లీ. పోయడం, కాసేపు నడపడం, తీసేయడం, మళ్ళీ పోయడం, ఇలా మూడుసార్లు చేశాకే గ్యాస్ నమ్మదగ్గదిగా వచ్చింది. తీసేసినవాటిని పారేయకండి, విడి సీసాలో దాచండి. రిహార్సల్స్‌కు పనికొస్తాయి.

సెల్ గ్యాస్ ఇస్తుంది, తడి గ్యాస్ ఇస్తుంది. మా తలనొప్పంతా అక్కడే. నీటి ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర 24 మి.మీ. పాదరసం ఉంటే, 40 దగ్గర 55కు ఎక్కుతుంది. భారజలానికి కాస్త తక్కువ, అంతే. అంటే ఏప్రిల్ మధ్యాహ్నం మా ల్యాబ్‌లో సెల్ నుంచి వచ్చే ప్రతి సిరంజిలో ఆరేడు శాతం ఆవిరే. బయట గాలి పెళుసుగా ఎండిపోయి, పెదవులు పగులుతుంటే, గొట్టం లోపల మాత్రం చెమటలు. ఆ ఆవిరి ఛాంబర్‌లోకి వెళ్తే ప్లాస్మా (వెలిగే గ్యాస్) రంగు పాలిపోతుంది, రోటరీ పంపు నూనె పాలలా మారుతుంది. పైగా పొర గుండా ప్రోటాన్లు వెళ్ళేటప్పుడు నీళ్ళను కూడా లాక్కుపోతాయి కాబట్టి గ్యాస్ వైపు చుక్కలు చుక్కలుగా భారజలమే కారుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పెట్టాం. నీలం కాస్తా గంటలో గులాబీ అయింది. గింజలను ఓవెన్‌లో వేడిచేసి మళ్ళీ నీలంగా మార్చొచ్చు, కానీ ఆవిరైపోయేది మా విలువైన భారజలం కదా. ప్రాణం ఒప్పలేదు.

అందుకని సిలికా జెల్‌కు ముందు ఒక చిన్న గాజు గొట్టాన్ని ఐసు ముక్కల గిన్నెలో ముంచాం. సోడా బండి నుంచి తెచ్చిన ఐసే. పది నిమిషాల తర్వాత చూస్తే గొట్టం అడుగున చుక్క గడ్డకట్టి కూర్చుంది. గిన్నెలో నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి, గొట్టంలో మాత్రం గడ్డ! భారజలం 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది మరి. సిలబస్‌లో ఒక వాక్యంగా చదివిన ముక్కను పిల్లలు అక్కడ వేలుపెట్టి చూపించుకున్నారు. ఆ సంతోషంలో ఉండగానే టప్‌మని శబ్దం. గడ్డ గొట్టాన్ని మూసేసి, వెనక గ్యాస్ ఒత్తిడి పెరిగి, సెల్ ముక్కు నుంచి ట్యూబు ఊడిపోయింది. నష్టమేమీ లేదు, ఓ పావు సిరంజి గ్యాస్. కానీ హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంతున్నా అంటుకుంటుంది, డ్యూటీరియం కూడా దాదాపు అంతే. ఆ రోజు నుంచి కిటికీలు తెరవనిదే సెల్ స్విచ్ వేయం, వెడల్పు గొట్టం తప్ప సన్నది వాడం. కరిగిన చుక్కల్ని సూదితో తీసి మళ్ళీ సెల్‌లోకే పోస్తాం.

గొట్టాల విషయంలో నాది మొదట పొరపాటే. మెత్తగా ఉంది, ముక్కుకు చక్కగా పడుతోందని సిలికాన్ ట్యూబు వేశాను. సిలికాన్ రబ్బరులోంచి గ్యాసులు జల్లెడలోంచి పోయినట్టు పోతాయి. రాత్రి నింపి పెట్టిన సిరంజి పొద్దున్నకు పది మి.లీ. తగ్గి కనిపించేది. ఎవరో వదిలేశారని పిల్లల్ని అనవసరంగా కసురుకున్నాను. ఇప్పుడు మొత్తం గట్టి నైలాన్ ట్యూబు, ఛాంబర్ దగ్గర రాగి గొట్టం. సిరంజి, మూడుదారుల స్టాప్‌కాక్ మాత్రం మెడికల్ షాపులోవే. సెలైన్ బాటిల్‌కు వాడేదే. ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ ఖర్చుతో వచ్చే ఆ స్టాప్‌కాక్ ఇంత పని చేస్తుందని అనుకోలేదు. ఒక దారి సెల్‌కు, ఒకటి సిరంజికి, ఒకటి ఛాంబర్‌కున్న నీడిల్ వాల్వుకు, అంటే ముల్లు కదిపి సన్నగా తెరిచేదానికి. సిరంజి పిస్టన్‌కు వాక్యూమ్ గ్రీజు రవ్వంత రాసి ఊరికే వదిలేస్తే గ్యాస్ ఎప్పుడూ బయటి గాలి పీడనం దగ్గరే ఉంటుంది, నీడిల్ వాల్వు కొంచెం తెరిస్తే పిస్టన్ తనంతట తాను జారుతుంది. సిరంజి మీది గీతలే మాకు ఫ్లో మీటరు. నిమిషానికి రెండున్నర మి.లీ. చొప్పున, పంపు వాల్వు సగం మూసి ఉంచితే, ఛాంబర్‌లో పీడనం 100 మైక్రాన్ల (0.1 మి.మీ. పాదరసం) చుట్టుపక్కల నిలబడుతుంది. వేడి తీగతో పీడనం చూపే పిరానీ గేజి గాలికి సరిచేసినదైతే దాని మాట పూర్తిగా నమ్మకండి. ఈ గ్యాస్ వేడిని గాలికన్నా బాగా మోస్తుంది కాబట్టి అసలుకన్నా ఎక్కువే చూపిస్తుంది.

వాల్వు మీద చౌక చూసుకోవద్దు. మొదట కొన్నది మర ముతకగా ఉండి, ముల్లు కదపగానే పీడనం ఎగిరిపోయేది. మంచిది కొన్నాక అదే గ్యాస్, అదే సెల్, మనసు నిమ్మళం.

మే నెలలో ఒక మధ్యాహ్నం చుక్క చక్కగా వెలుగుతోంది. కరెంటు పోయింది. పంపు ఆగింది. సిరంజి పిస్టన్ నేను చూస్తుండగానే జారిపోయి సున్నాకు అంటుకుంది, పంపులో నూనె వెనక్కి ఎక్కి గొట్టంలోకి వచ్చింది. ఛాంబర్ విప్పి అసిటోన్‌తో తుడవడానికి రెండు రోజులు. ఇప్పుడు పంపుకు ముందు సోలెనాయిడ్ వాల్వు ఉంది, కరెంటు పోతే తనే మూసుకుంటుంది. మన ఊళ్ళో చేసేవాళ్ళు సెల్ కొనేముందు అది కొనండి.

ఇంత కష్టపడి తీసింది డ్యూటీరియమేనా అన్న అనుమానం మాత్రం నాకు చాలా కాలం తీరలేదు. హైడ్రోజన్ ఎర్ర గీత 656.28 నానోమీటర్ల దగ్గర ఉంటే, డ్యూటీరియంది 656.10 దగ్గర. 1931లో అమెరికన్ కెమిస్ట్ యూరీ డ్యూటీరియంను పట్టుకున్నది ఇలాంటి గీతల తేడాతోనే. మా దగ్గరున్నది మామూలు స్టూడెంట్ స్పెక్ట్రోమీటర్, వెలుగును విడదీసే గ్రేటింగ్ మిల్లీమీటరుకు 600 గాట్లది. గ్రేటింగ్ పడేసే రెండో వర్ణపటంలో (రెండో ఆర్డర్) ఆ రెండు గీతల మధ్య దూరం ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) పైచిలుకు కోణం, మా వెర్నియర్ చదివేదీ ఒక నిమిషమే. కుదరదనుకున్నాను. తక్కువ వోల్టేజి గాజు ట్యూబులో గ్యాస్ వదిలి, తలుపులు మూసి, స్లిట్ దాదాపు మూసేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూర్చున్నాం. మొదటిసారి ఒక్క గీతే, అదీ హైడ్రోజన్‌దే. సిలికాన్ ట్యూబు, కడగని పొర కాలం అది. గొట్టాలు మార్చి, పొరను మూడుసార్లు భారజలంతో కడిగాక మళ్ళీ చూస్తే ఎర్ర గీత పక్కన వెంట్రుకవాసి ఎడంలో ఇంకో గీత, ముందుదానికన్నా ఎక్కువ వెలుగుతో. పక్కనున్న అమ్మాయి, "రెండున్నాయి మేడం, నిజంగా రెండున్నాయి" అంటూ టెలిస్కోప్ వదల్లేదు. హైడ్రోజన్ గీత పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఛాంబర్ గోడలకు పట్టిన తేమ అంత తేలిగ్గా వదిలేది కాదు.

మొదటి సెల్ రెండో వేసవి సెలవుల్లో పోయింది. ల్యాబ్‌కు తాళం, లోపల 42 డిగ్రీలు, ముక్కులకు మూతలు పెట్టడం మరచిపోయాం. జూన్‌లో తెరిచేసరికి పొర ఎండి చిట్లింది. పైకి ఏమీ తెలియలేదు, బుడగలూ వచ్చాయి. బ్యూరెట్‌లో కొలిస్తే రెండు గ్యాసుల నిష్పత్తి రెండుకు ఒకటి రాలేదు, ఒకవైపుది ఇంకోవైపుకు పోతోంది. ఆక్సిజన్ కలిసిన డ్యూటీరియంను సిరంజిలో దాచడం ఎంత తప్పో చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి ప్రతిసారీ మొదటి ఐదు నిమిషాలు నిష్పత్తి చూడటం మా అలవాటు.

రెండో సెల్‌కు ఇప్పుడు ఏడాదిన్నర. ఖరీదుకు న్యాయం చేసింది, ఇదే మళ్ళీ కొంటాను. ఒక అర మార్కు తగ్గించాల్సి వస్తే ముక్కుల ప్లాస్టిక్‌కు తగ్గిస్తాను, రెండుసార్లు విరిగి ఎపాక్సీతో అతికించాం. పెద్ద ల్యాబ్, బడ్జెట్ ఉన్నవాళ్ళకు డ్యూటీరియం సిలిండర్, మంచి రెగ్యులేటర్ తేలిక, అందులో వాదం లేదు. మాకు అవసరమైనప్పుడు పదమూడు నిమిషాల్లో ఒక సిరంజి తయారవడం, మిగిలింది నీళ్ళ రూపంలో సీసాలో పడుండటం నచ్చింది.

ఈ ఏడాది సెలవులకు ముందు సెల్‌లో చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, నాలుగు ముక్కులకూ మూతలు బిగించి, తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టి అటెండరన్నకు ఇచ్చాను. డబ్బా మీద తారీఖు రాసి, వారానికోసారి వచ్చి గుడ్డ తడిపిపోతున్నాడు. ఏ నీళ్ళతో అని అడిగాను. "ఎర్ర మూతవే మేడం" అన్నాడు.