మావైపే తేల్చాడు, అయినా రెండు స్టార్లే

మా తమ్ముడి కేసులో ల్యాబ్ రిపోర్ట్ చదివి చెప్పడానికి ఒక ప్రైవేట్ డీఎన్ఏ ఎక్స్‌పర్ట్‌ని పెట్టుకున్నాం. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. దొంగబండి హ్యాండిల్ మీద దూదిపుల్లతో తీసిన శాంపిల్, అందులో కనీసం ముగ్గురి డీఎన్ఏ కలిసిపోయి ఉంది, ల్యాబ్ వాళ్లు "ఇతన్ని మినహాయించలేం", అంటే మావాడిదీ ఉండొచ్చు, అని ఒక్క లైన్ రాసి పడేశారు, ఆ లైన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు.

ముందు మంచి చెప్తా. రిపోర్ట్ ఒక్కటే చాలదు, గ్రాఫులు, రా డేటా, నోట్స్ అన్నీ తెప్పించండి అని మా లాయర్ గారికి చెప్పింది ఈయనే. ల్యాప్‌టాప్‌లో ఒక్కో పీక్, అంటే గ్రాఫ్‌లో పైకి లేచే గీత, చూపిస్తూ ఓపిగ్గా చెప్పాడు. డీఎన్ఏ ఎవరిదో చెప్పగలదు గానీ ఎప్పుడు పడిందో, ఎలా పడిందో చెప్పలేదంట. జర్మనీలో ఏళ్ల తరబడి ఒక హంతకురాలి కోసం వెతికి వెతికి 2009లో చూస్తే అది దూదిపుల్లల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ డీఎన్ఏ అని తేలిందట, నాకైతే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇక అసలు సంగతి. మొదటి ఫోన్‌లో, ఇంకా ఒక్క గ్రాఫ్ కూడా చూడకముందే, ఈయన అడిగిన మొదటి ప్రశ్న "మీరు ఎటు వైపు?" అప్పుడు పట్టించుకోలేదు. ఫస్ట్ డ్రాఫ్ట్‌లో "ఏదీ తేల్చి చెప్పలేం" అని రాశాడు. దీంతో మనకి పని జరగదండీ అని లాయర్ గారు ఫోన్ చేశారు, రెండ్రోజుల్లో ఇంకో డ్రాఫ్ట్ వచ్చింది, "కచ్చితంగా ఇతనిది కాదు"! రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశా. డీఎన్ఏలో డీ18 అనే చోట 17వ నంబరు రకం దగ్గర పెద్ద పీక్, దాని పక్కనే 16 దగ్గర చిన్నది. మా వాడికి ఉన్నది 16. మొదటి దాంట్లో "నిజమైనదీ కావచ్చు, స్టటర్ కావచ్చు" అని ఉంది, అంటే 17ని కాపీ చేసేటప్పుడు పుట్టే నీడ లాంటిది. రెండో దాంట్లో మాత్రం "స్టటర్" అంతే, కావచ్చు గీవచ్చు లేదు. గ్రాఫ్ అదే, పీక్ అదే, మధ్యలో జరిగింది ఒక్క ఫోన్ కాల్.

అడిగితే నవ్వేసి "అవతలి ల్యాబ్ వాళ్లు మాత్రం పోలీసులు ఏమనుకుంటున్నారో తెలీకుండా చూశారంటారా?" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, అదే బాధ. అమెరికాలో ఒక రేప్ కేసులో మిక్స్చర్‌ని, అంటే పలువురి డీఎన్ఏ కలిసిన శాంపిల్‌ని, కథంతా తెలిసిన ఎక్స్‌పర్టులు మినహాయించలేం అన్నారు, 2011లో వచ్చిన స్టడీలో అదే డేటాని ఏమీ తెలీని 17 మందికిస్తే 12 మంది ఇతను కాదు, నలుగురు తేల్చలేం అన్నారు, ఒక్కడే మినహాయించలేం అన్నాడు. అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ 2013లో 108 ల్యాబులకి ఒక మిక్స్చర్ ఇస్తే 74 ల్యాబులు అందులో లేని మనిషిని ఉండొచ్చు అన్నాయి.

అందుకే ఎవరినైనా పెట్టుకునే ముందు ఒకటి అడగండి, మావాడి ప్రొఫైల్ చూడకుండా ముందు శాంపిల్ గ్రాఫ్ ఒక్కటే చదివి, ఏ పీక్ నిజమో రాసి పెడతారా అని. మేం అడగలేదు.

రెండు స్టార్లూ ఆ పీకులు ఓపిగ్గా చూపించినందుకే. చివరికి లాయర్ గారితో గొడవపడి మరీ ఫస్ట్ డ్రాఫ్టే కోర్టులో వేయించాం. ఈయన ఒక్క మాట కూడా అనకుండా దాని కిందా సంతకం పెట్టిచ్చాడు.