శుక్రవారమా, ఆదివారమా? కాలేజీ బేస్‌బాల్ సిరీస్‌లో ఒక్క ఆటే చూడాలంటే

ఫిబ్రవరి మధ్యలో కాలేజీ సీజన్ మొదలైందంటే టెక్సస్‌లోని తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "సిరీస్ మూడు రోజులు, మాకు కుదిరేది ఒక్కరోజు. ఆస్టిన్‌కో, కాలేజ్ స్టేషన్‌కో ఏ రోజు వెళ్తే మేలు?" 2024 జులైలో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ)లోకి వచ్చి, కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో మళ్లీ ఒకే కాన్ఫరెన్స్‌లో పడ్డాక ఈ అడగడం ఇంకా పెరిగింది.

అందరూ చెప్పే జవాబు శుక్రవారం. అందులో తప్పేమీ లేదు. కానీ సిరీస్ ఎవరిదో తేలేది చాలాసార్లు ఆదివారం మధ్యాహ్నమే. మా ఓటు దానికే, ఒక షరతు మీద: అంతకు ముందు రెండు రోజుల బాక్స్ స్కోర్లు (ఆటలో ఎవరేం చేశారో చెప్పే అంకెల పట్టికలు) చూడకుండా మాత్రం బయల్దేరకండి.

ముందు శుక్రవారం సంగతి. ఆ రాత్రి రెండు జట్లూ తమ దగ్గరున్న మేలైన స్టార్టర్‌నే (ఆట మొదటి నుంచి బంతి వేసే పిచర్‌నే) దింపుతాయి, వెనకాల బుల్‌పెన్ (తర్వాత దిగే పిచర్ల దండు) దాదాపు మొత్తం విశ్రాంతిగా ఉంటుంది. హోమ్ ప్లేట్ వెనక వరసల్లో రాడార్ గన్‌లు పట్టుకున్న స్కౌట్లు ఎక్కువగా కనిపించేదీ ఆ రోజే. 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)కి శుక్రవారం బంతి వేసింది పాల్ స్కీన్స్. ఆ సీజన్‌లో 209 స్ట్రైకౌట్లు తీసి, పెద్ద లీగ్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు. 2025 డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో వెళ్లిన ఎల్‌ఎస్‌యూ కేడ్ ఆండర్సన్, ఐదో స్థానంలో వెళ్లిన టెనెసీ లియమ్ డాయిల్ కూడా శుక్రవారం స్టార్టర్లే. రేపు పెద్ద లీగ్‌లో కోట్లు తీసుకోబోయేవాడిని ఇంత దగ్గర నుంచి, ఇంత తక్కువ టికెట్టుకు చూడాలంటే శుక్రవారమే దారి.

చిక్కల్లా పరుగులతో. 2023 జూన్ 22న ఒమాహాలో, జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్‌లో, స్కీన్స్‌కు ఎదురుగా వేక్ ఫారెస్ట్ పిచర్ రెట్ లౌడర్ నిలబడ్డాడు. పది ఇన్నింగ్స్ అయినా బోర్డు మీద రెండు సున్నాలే. పదకొండో ఇన్నింగ్స్‌లో టామీ వైట్ హోమ్ రన్ కొడితే 2-0తో ముగిసింది. పిచింగ్ తెలిసినవాళ్లు ఆ ఆటను ఇప్పటికీ తలుచుకుంటారు. పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రికి మాత్రం ఐదో ఇన్నింగ్స్ నుంచే "ఇంటికెప్పుడు?" అన్నది మొదలవుతుంది.

ఇక అసలు లెక్కకొద్దాం. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు, కాబట్టి మూడు ఆటలకు ఒక జట్టు తీయాల్సిన ఔట్లు 81. శుక్రవారం స్టార్టర్ 90 నుంచి 110 బంతుల్లో ఆరేడు ఇన్నింగ్స్ లాగితే 20 ఔట్లు. శనివారం స్టార్టర్ ఐదు ఇన్నింగ్స్‌కు కాస్త పైన నిలిస్తే 16. మిగతా 45 ఔట్లు ఎవరు తీస్తారన్నదే సిరీస్. ప్రొఫెషనల్ జట్టయితే రాత్రికి రాత్రి కింది లీగ్ నుంచి కొత్తవాణ్ని పిలిపించుకుంటుంది. కాలేజీకి ఆ వీల్లేదు. పైగా 2025-26 నుంచి ఆటగాళ్లకు స్కూళ్లు నేరుగా డబ్బులివ్వొచ్చన్న కొత్త కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన స్కూళ్లకు జట్టు 34 మందికే పరిమితం, అంతకుముందు 40 దాకా ఉండేవారు. ఆ తగ్గిన మేర ఆదివారానికి మిగిలే పిచర్లూ తగ్గారు.

బాక్స్ స్కోర్‌లో అందరూ ముందు గెలుపోటములు చూస్తారు. చూడాల్సింది పిచర్ల పేర్ల పక్కనున్న బంతుల సంఖ్య. శుక్రవారం 20 బంతుల లోపు వేసిన రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచర్) మర్నాడే మళ్లీ రావచ్చు. 30, 40 వేసినవాడు శనివారం కూర్చుని ఆదివారం వస్తాడు, అదీ ఒకటి రెండు మైళ్ల వేగం తగ్గి. 50 దాటితే ఆ వారాంతానికి అతను లేనట్టే. ఇది రూల్ కాదు, కోచ్‌ల అలవాటు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ బంతుల మీద పరిమితి పెట్టలేదు గనక ఎంతవరకు వేయించాలన్నది కోచ్ ఇష్టం. 2025 కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్స్ మొదటి ఆటలో ఆండర్సన్ 130 బంతులు వేసి, కోస్టల్ కరొలైనాను ఒక్కడే 1-0తో ముగించాడు. ఆ రాత్రి ఎల్‌ఎస్‌యూ బుల్‌పెన్ ఒక్క బంతీ వేయలేదు. మర్నాడు 5-3తో ట్రోఫీ ఎత్తుకున్నారు.

అందుకే శుక్రవారం గెలిచిన జట్టే ఆదివారానికి బీదదైపోవచ్చు. పదకొండు ఇన్నింగ్స్ లాగి 5-4తో గెలిచిన కోచ్ తన క్లోజర్‌ను (చివర్లో ఆధిక్యం కాపాడే పిచర్‌ను) మూడు ఇన్నింగ్స్ వాడేసి ఉంటాడు. 12-2తో ఓడిన కోచ్ మాత్రం ఐదో ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేసి, పక్కన కూర్చునే కుర్రాళ్లతో మిగతా ఆట ముగించేస్తాడు, మంచివాళ్లంతా తాజాగా మిగులుతారు. ఎస్‌ఈసీలో ఏడు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే ఆట ఆపేస్తారు కాబట్టి అతనికి ఇంకో ఆరు ఔట్ల పని ఆదా అయినట్టే. పరువు పోయిందని అభిమానులు అనుకుంటారు గానీ అది పొదుపు.

దీనికి 2023 ఫైనల్స్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. జూన్ 25న ఫ్లోరిడా 24-4తో ఎల్‌ఎస్‌యూను చితక్కొట్టింది. మర్నాడు మూడో ఆటలో ఎల్‌ఎస్‌యూ 18-4తో గెలిచింది. ఫ్లోరిడా స్టార్టర్ జాక్ కాగ్లియానోన్ రెండో ఇన్నింగ్స్ దాటలేదు, ఇటు థాచర్ హర్డ్ ఆరు ఇన్నింగ్స్ నిలిచాడు. నిన్నటి ఇరవై పరుగుల తేడా ఇవాళ్టికి ఒక్క ఔట్ కూడా తీసిపెట్టదు.

ఆదివారం స్టార్టర్ పేరు దగ్గర చాలా జట్లు గురువారం దాకా "ప్రకటించాలి" అనే పెడతాయి. దాపరికం కొంత ఉంటుంది, ఎక్కువగా అవసరం. శుక్ర, శనివారాల్లో స్టార్టర్ మూడో ఇన్నింగ్స్‌లోనే కూలిపోతే పట్టుకోవడానికి ఆ మూడోవాణ్నే అట్టిపెట్టుకుంటారు. అతను ముందే వాడుకైపోయాడంటే ఆదివారం ఇన్నింగ్స్‌కొకడు చొప్పున నడుస్తుంది. సిరీస్‌కు ముందు విడిగా జరిగే మంగళవారం ఆట బాక్స్ స్కోర్ కూడా చూడండి. ఆ రోజు 60 బంతులు వేసిన కుర్రాడు శుక్రవారం పనికిరాడు గానీ ఆదివారానికి నాలుగు రోజుల విశ్రాంతితో సిద్ధంగా ఉంటాడు. ప్రత్యర్థి అంచనాలో అతని పేరు తరచూ ఉండదు.

ఆదివారానికి లోపాలు లేవని కాదు. అలసిన చేతులంటే వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్), వాక్‌లంటే ఆలస్యం. శుక్రవారం మూడు గంటల్లోపు అయ్యే ఆట ఆదివారం మూడున్నర దాటొచ్చు. (కాలేజ్ స్టేషన్‌లోని ఓల్సెన్ ఫీల్డ్‌లో అయితే అదీ ఒక వినోదమే. అతిథి పిచర్ వాక్ ఇవ్వగానే జనం "బాల్ ఫైవ్, బాల్ సిక్స్" అంటూ మళ్లీ స్ట్రైక్ పడేదాకా లెక్కపెడుతూనే ఉంటారు.) అతిథి జట్టుకు విమానం ఉంటే ఫలానా సమయం తర్వాత కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని ముందే ఒప్పుకుంటారు. అలా టైగా మిగిలిపోయిన ఆటలూ ఉన్నాయి. వాన పడేలా ఉంటే శనివారమే డబుల్ హెడర్ (ఒకే రోజు రెండు ఆటలు) పెట్టి ముగించేస్తారు, మీ ఆదివారం టికెట్టు ఏ ఆటకు చెల్లుతుందో బాక్సాఫీసులో అడగాల్సి వస్తుంది. అందుకని ఆదివారం టికెట్టు వారం ముందే కొనకండి. శనివారం ఆట అయ్యాక, వాతావరణం చూసుకుని కొనండి. సిరీస్ 1-1గా ఉంటే ధర కొంచెం పైకి, 2-0 అయితే రీసేల్‌లో కిందికి.

2-0 అయ్యాక వెళ్లడం దండగ అనుకునేవాళ్లకు ఒక మాట. ప్లేఆఫ్ కాదు గనక మూడో ఆట ఎలాగూ ఆడతారు, దాని విలువా తగ్గదు. ఎస్‌ఈసీలో ఒక్కో జట్టుకు కాన్ఫరెన్స్ ఆటలు 30. జాతీయ టోర్నీ తొలి దశ అయిన రీజనల్స్‌కు ఆతిథ్యం దక్కేది 16 స్కూళ్లకే. మే చివర్లో ఆ పదహారులో ఉంటామా లేదా అన్నది ఇలాంటి ఆదివారాలు ఒకటి రెండు తేడాతోనే తేలుతుంది.

శనివారం? పార్కింగ్ రద్దీ, విద్యార్థుల గోల, పండగ వాతావరణం కావాలంటే వెళ్లండి. పిచింగ్‌లో శుక్రవారమంత పదును ఉండదు, ఆదివారమంత ఉత్కంఠా ఉండదు. మంగళవారం ఆట చవక, సీటు ఎక్కడైనా దొరుకుతుంది, అంతకు మించి చెప్పడానికేం లేదు.

సీటు విషయంలో రెండు రోజులకూ రెండు లెక్కలు. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్ మీదుగా పోయే గీత తూర్పు-ఈశాన్యానికి ఉంటే మంచిదని రూల్ బుక్ సూచన. అలా కట్టిన మైదానంలో ఆదివారం ఒంటిగంట ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి మూడో బేస్ వైపు కూర్చున్నవాళ్ల మొహం మీదే కొడుతుంది, మొదటి బేస్ వైపు వీపు మీద. శుక్రవారం సాయంత్రం ఇది తారుమారు, మూడో బేస్ వైపు హాయి. అన్ని స్టేడియంలూ ఈ దిక్కుకే ఉండవు, ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఉత్తరం ఎటో చూసుకున్నాకే సెక్షన్ ఎంచుకోండి.

ఈస్టర్ వారాంతంలో సిరీస్ సాధారణంగా గురువారం మొదలై శనివారం ముగుస్తుంది. అప్పుడు ఇక్కడ శుక్రవారమన్నచోట గురువారం, ఆదివారమన్నచోట శనివారం అని చదువుకోండి. మంగళవారం వేసిన కుర్రాడికి మాత్రం ఒక రోజు విశ్రాంతి తగ్గుతుంది, చివరి ఆటకు అతన్ని లెక్కలోకి తీసుకునేముందు ఎన్ని బంతులు వేశాడో మళ్లీ ఒకసారి చూడండి.