చెరువుగట్టు కల్యాణం, కురుమూర్తి ఉద్దాలు: గొంతు తగ్గించాల్సిన ఘడియలు, బస, రాకపోకలు

డప్పు, శివసత్తుల పూనకం, పిల్లల బూరలు లేని జాతర పాలమూరు, నల్లగొండ వైపు లేదు, ఉండకూడదు కూడా. అయితే ప్రతి జాతరలోనూ అసలు క్రతువు ఒకటి ఉంటుంది. అందులో కొద్ది నిమిషాలు మాత్రం వచ్చిన జనమంతా నోరు మెదపకుండా నిలబడాలి. ఆ నిమిషాలు ఏవో తెలుసుకుని పోతే దర్శనం నిండుగా అవుతుంది, పక్కవాళ్లకూ దక్కుతుంది.

ముందు చెరువుగట్టు. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ పోయే రోడ్డు మీద, ఎల్లారెడ్డిగూడెం దగ్గర ఉంది జడల రామలింగేశ్వరస్వామి గట్టు. కల్యాణం మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి రాత్రి గడిచి తెల్లవారుజామున జరుగుతుంది. ముహూర్తం ఏటా మారుతుంది కాబట్టి ఆలయంవాళ్ల కరపత్రం చూసుకున్నాకే బయల్దేరండి. గణపతి పూజ, పుణ్యాహవాచనం నడిచేటప్పుడు జనం మెల్లగా మాట్లాడుకున్నా పెద్ద నష్టం లేదు. ప్రవర మొదలయ్యాక మాత్రం మాట ఆగాలి. స్వామివారి, అమ్మవారి గోత్రనామాలు, ఆ వెంట మహాసంకల్పం, ఇవన్నీ చెవితో వినాల్సినవి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి అయ్యగారు చెయ్యి ఎత్తుతారు, గట్టిమేళం అందుకుంటుంది. అప్పుడు ఎంత గట్టిగా ‘హర హర మహాదేవ’ అన్నా తప్పు లేదు, అనాలి కూడా. ప్రవర నుంచి గట్టిమేళం దాకా పట్టేది సుమారు అరగంట. కాపాడుకోవాల్సింది అంతే.

ఈ అరగంట ఎందుకు చెడుతుందంటే, మొదటి కారణం కనపడకపోవడం. వెనకవాళ్లకు మంటపం కనపడదు, ఏం జరుగుతోందో తెలియదు, అందుకే మాటల్లో పడతారు, ఫోన్లు ఎత్తుతారు. రెండోది మైకు. తప్పిపోయిన పిల్లల ప్రకటన, చందా ఇచ్చినవాళ్ల పేర్లు, పెద్దమనుషుల రాక, మంత్రం, అన్నీ ఒకటే మైకులో పోతే ఏది వినాలో జనానికి తెలియదు. ప్రకటనల మైకు మంటపానికి దూరంగా, క్యూలైన్ల వైపు వేరుగా ఉండాలి. మూడోది, ‘సైలెన్స్, సైలెన్స్’ అని మైకులో అరవడం. ఆ అరుపును మించి మాట్లాడటానికి జనం ఇంకాస్త గొంతు పెంచుతారు. కార్యకర్తల విజిల్‌తోనూ జరిగేది అదే.

పనిచేసే పద్ధతి వేరే ఉంది. ప్రవరకు ఐదు నిమిషాల ముందు, తగ్గు గొంతుతో, ఒక్కసారే చెప్పాలి: “అమ్మా, అయ్యా, ఇప్పుడు స్వామివారి గోత్రనామాలు చదువుతారు. అరగంట పడుతుంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి. గట్టిమేళం మోగగానే అందరం కలిసి హర హర అందాం.” ఎప్పుడు అరవొచ్చో చెబితే, అంతదాకా ఆగడం జనానికి కష్టం కాదు. చెప్పినాయన వెంటనే మైకు కట్టేయాలి. కార్యకర్తలు తాళ్ల బయట కాకుండా జనం మధ్యలో, ఒక్కో వరుసకు ఒక్కరు చొప్పున, ముందు తామే కూర్చుని చేతులు జోడించాలి. ఆడవాళ్ల వైపు ఆడవాళ్లే ఉండాలి. ఒక పెద్ద బాక్సు మోగించే బదులు నాలుగు చిన్న బాక్సులు తక్కువ సౌండుతో వెనకదాకా పెడితే చివరి వరుసకూ మంత్రం అందుతుంది. డప్పు మేళాల పెద్దలతో పొద్దుగూకక ముందే తాంబూలం ఇచ్చి మాట్లాడుకోవాలి, ఏ గీత దగ్గర ఆపాలో చూపించాలి. అప్పటికప్పుడు పోయి ఆపమంటే అవమానంగా తీసుకుంటారు. అందులో న్యాయం ఉంది. ఎవరికైనా పూనకం వస్తే రెక్క పట్టి లాగొద్దు. వాళ్లింటివాళ్లకు చోటిచ్చి, మెల్లగా పక్కకు తీసుకుపోనివ్వాలి. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు బయటికి దారి ఉన్న అంచున కూర్చుంటే అందరికీ సుఖం.

కల్యాణం తర్వాత అగ్నిగుండాలు. ఇక్కడ నిశ్శబ్దం ప్రాణరక్షణకు కూడా. వెనకనుంచి ‘నడువు, నడువు’ అని తోస్తే ముందున్న మనిషి పరుగెత్తుతాడు, పరుగెత్తితే పాదం నిప్పుల్లో దిగబడుతుంది. ముందు మనిషి పూర్తిగా దాటాకే మీరు అడుగు వేయండి. చీర కొంగు, పంచె అంచు నడుముకు దోపుకోండి. పాలిస్టరు బట్ట అసలొద్దు.

గట్టు మీద గదులు జాతర రోజుల్లో దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. నల్లగొండ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు నయం. అక్కడ దిగి, రాత్రి భోజనం చేసి గట్టుకు పోవచ్చు. గట్టు మీదే పడుకునేవాళ్లు చాప, మందపాటి దుప్పటి తెచ్చుకోవాలి, మాఘం చలి తక్కువది కాదు. గట్టు మీది మూడు గుండ్లు, అంటే పెద్ద బండరాళ్లు, ఎక్కాలంటే బండల మధ్య ఇరుకు సందుల్లో దూరాలి, చేతిలో సంచి ఉండకూడదు. ప్రశాంతంగా దర్శనం కావాలనుకునేవాళ్లు జనం ఎక్కువుండే అమావాస్య, జాతర రెండూ వదిలి మామూలు రోజు పొద్దున్నే పోవడం మంచిది.

కురుమూర్తి సంగతి వేరు. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గరి గుట్టల్లో, దీపావళి వెళ్లాక కార్తీకంలో బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. సప్తమి నాడు వడ్డెమాన్ నుంచి ఉద్దాలు, అంటే స్వామివారి పాదరక్షలు, ఊరేగింపుగా వస్తాయి. వాటిని ఉపవాసంతో, నిష్ఠతో తయారుచేసేది ఆ ఊరి దళిత కుటుంబాలవాళ్లు. ఊరేగింపులో మోత ఉంటుంది, ఉండనివ్వండి. మౌనం కావాల్సింది వడ్డెమాన్‌లో పూజ చేసేటప్పుడు, ఆ తర్వాత ఉద్దాలు తలకు తాకించుకునే వరుసలో. అక్కడ సెల్ఫీకి ఆగిన ఒక్క మనిషి వల్ల వెనక వందమంది గొడవ పెడతారు. తయారుచేసిన చేతులకు దండం పెట్టకుండా, వాళ్లను పక్కకు జరగమని ఫోటో తీసుకోవడం మాత్రం క్షమించరాని పని. బసకు మహబూబ్‌నగర్ పట్టణమే మేలు. అక్కడినుంచి దేవరకద్ర మీదుగా రావచ్చు. కురుమూర్తి పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉంది. దాసంగం, అంటే అక్కడే వండి స్వామికి నైవేద్యం, పెట్టేవాళ్లు కొత్త కుండ, బియ్యం, కట్టెలతోపాటు పొయ్యి ఆర్పడానికి నీళ్లు కూడా తెచ్చుకోవాలి.

నల్లమల అడవిలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరలో ‘వస్తున్నాం లింగమయ్యా’ అని పిలుస్తూ లోయలోకి దిగడమే ఆచారం, దాన్ని ఎవరూ ఆపొద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి సౌండు బాక్సులు మాత్రం తేవొద్దు. గుహలో చెంచు పూజారి హారతి పట్టేటప్పుడు కేక ఆపి, హారతి కళ్లకద్దుకుని వెంటనే బయటికి వస్తే వెనకవాళ్లకు దారి దొరుకుతుంది.