గన్నవరం నుంచి రేణిగుంట: గాలిలో గంట, దారిలో పూట

"గంటలో తిరుపతిలో దిగుతామమ్మా" అని అమ్మని విమానానికి ఒప్పించింది నేనే. మోకాళ్ల నొప్పులతో రైలు మెట్లెక్కలేనంటుంది కదా అని. తీరా చూస్తే విమానానికీ మెట్లే.

గన్నవరం, రేణిగుంట విమానాశ్రయాల మధ్య నేరుగా లెక్కేస్తే దాదాపు 350 కిలోమీటర్లు. ఈ దారిలో మేం ఎక్కింది ఏటీఆర్, రెక్కల దగ్గర పంకాలు తిరిగే చిన్న విమానం. గంటకి 500 కిలోమీటర్ల వేగం అనుకుంటే ముప్పావు గంట చాలాలి. కానీ పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించుకోవడం, రన్‌వేకి ఎదురుగా తిరగడం కలిపి గాల్లోనే గంట దాకా పట్టింది. టికెట్ మీద ఉండే సమయం ఇంకాస్త ఎక్కువ. విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా లెక్క అది.

అసలు కథ నేల మీద ఉంది. మాది గుంటూరు అరండల్‌పేట. గన్నవరం యాభై కిలోమీటర్ల పైనే. పదింటికి బయల్దేరితే కాజ టోల్ దాటేదాకా బాగానే సాగింది. వారధి దగ్గర్నుంచి రామవరప్పాడు దాకా నత్తనడకే. పదకొండు ముప్పావుకి చేరాం.

సెక్యూరిటీలో అమ్మ పూజ సంచి ఆపేశారు. తిరుమల గుడి ఎదురుగా అఖిలాండం దగ్గర వెలిగిద్దామని తెచ్చుకున్న కర్పూరం, అగ్గిపెట్టె, పైన కొబ్బరికాయ! మూడూ తీయించేశారు. "దేవుడికిరా అది" అని అమ్మ చెప్పి చూసింది. ఆ అమ్మాయి నవ్వి, "కొండ మీద దొరుకుతాయి అమ్మగారూ" అంది. మీరెవరైనా వెళ్తుంటే ఆ మూడూ ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

ఒంటిగంటంపావు విమానం రెండున్నరకి కదిలింది. ఆలస్యానికి కారణం ఎవరూ చెప్పలేదు, మంచినీళ్ల సీసా మాత్రం ఇచ్చారు. ఏటీఆర్‌కి ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది. బస్సులో తీసుకెళ్లి దాని ముందు దింపుతారు. మెట్లు తక్కువే, కానీ నిటారుగా ఉన్నాయి. లోపల అటు రెండు, ఇటు రెండు సీట్లు. అమ్మకి కిటికీ దక్కింది. కృష్ణ పాయలు కనిపించగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. ఆ ఒక్క నిమిషానికి నా డబ్బులు గిట్టుబాటయ్యాయనుకుంటాను.

రేణిగుంటలో దిగి, సామాను తీసుకుని, ట్యాక్సీలో మేం గది తీసుకున్న టీటీడీ వసతి గృహం విష్ణునివాసం చేరేసరికి నాలుగున్నర. అంటే ఇంటి గుమ్మం నుంచి ఆరున్నర గంటలు. ఆలస్యం తీసేసినా అయిదుంపావు. వందేభారత్ గుంటూరు మీదుగానే తిరుపతి వెళ్తుంది, నాలుగు ముప్పావు గంటలకి అటూ ఇటూగా. స్టేషన్ మా ఇంటికి పావుగంట. పైగా విష్ణునివాసం తిరుపతి స్టేషన్ ఎదురుగానే, ట్యాక్సీ ఖర్చు కూడా ఉండదు. గది శుభ్రంగా ఉంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాం కాబట్టి తాళాలకి ఎక్కువసేపు నిలబడలేదు.

తిరుగు ప్రయాణం వందేభారత్‌లోనే చేశాం. లడ్డూల సంచి ఒళ్లో పెట్టుకుని అమ్మ నెల్లూరు దాకా నిద్రపోయింది.

విజయవాడలో ఉండే మా పెద్దమ్మ వచ్చే నెల వెళ్తానంటోంది. ఆ వందేభారత్ విజయవాడకి రాదు. గన్నవరం వాళ్లకి దగ్గరే, విమానం అంత దండగ కాదు. అయినా ఆవిడకి రాత్రి రైలే చెప్పాను. తెల్లారేసరికి తిరుపతి, ఒక రాత్రి గది అద్దె మిగులు. "కర్పూరం అక్కడే కొనుక్కోమను" అని అమ్మ ఫోన్ లాక్కుని మరీ చెప్పింది.