కొడగు హోమ్‌స్టేలో పదేళ్లు: తలకు ఇంత అన్న ధర వెనుక ఉన్న లెక్క

మేము బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలం. 2015లో మొదటిసారి నాలుగు జంటలు, ఆరుగురు పిల్లలు, మొత్తం 14 మంది టెంపో ట్రావెలర్‌లో కర్ణాటకలోని కొడగుకు (కూర్గ్‌కు) బయలుదేరాం. అప్పటి నుంచి ఏడుసార్లు వెళ్లాం. అందులో ఐదుసార్లు ఒకే ఇంట్లో దిగాం. మడికేరికి దగ్గరలో కాఫీ తోట మధ్య ఉన్న పెంకుటిల్లు అది. ఖర్చులు రాసే పని మొదటి నుంచీ నాదే కాబట్టి ప్రతి ప్రయాణం లెక్కా ఒకే పుస్తకంలో ఉంది. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

పిల్లాపెద్దా కలిసి వెళ్లే మావంటి వాళ్లకు హోటల్ కంటే హోమ్‌స్టే ఎంతో నయం. అందులో నాకు సందేహం లేదు. అయితే ఒకే ఇల్లు ఒక బృందానికి చవకగా, మరో బృందానికి భారంగా ఉంటుంది. మా విషయంలో మరీ విచిత్రం. మనుషులు దాదాపు వాళ్లే, ఇల్లు అదే, అయినా పదేళ్లలో లెక్క పూర్తిగా తిరగబడింది.

కొడగులో చాలా ఇళ్లు గదికి కాకుండా తలకు ఇంత అని చెబుతాయి. అందులో ఉదయం ఫలహారం, రాత్రి భోజనం కలిసి ఉంటాయి. 2015లో మాకు చెప్పిన ధర తలకు రాత్రికి 1,500 రూపాయలు. ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం, పదేళ్లలోపు వారికి సగం. మా ఆరుగురిలో నలుగురు ఐదేళ్లలోపు వారే. ఎనిమిది మంది పెద్దలకు 12,000, ఇద్దరు పిల్లలకు 1,500. రాత్రికి 13,500, రెండు రాత్రులకు 27,000. ఎంతో సంతోషించాం.

తిరిగి వచ్చాక పుస్తకంలో తేలిన మొత్తం 34,000. ఎవరూ మోసం చేయలేదు. మేము అడగలేదు, అంతే. రోడ్డు నుంచి ఇంటి దాకా తోట దారిలో మా బండి ఎక్కదు, జీపు కావాలి. రానూపోనూ నాలుగు ట్రిప్పులకు 1,600 అయింది. డ్రైవర్ పడక, భోజనం రెండు రాత్రులకు 800. రాత్రి చలిమంటకు 600. మధ్యాహ్న భోజనం ధరలో ఉండదని అక్కడికి వెళ్లాక తెలిసింది, పది ప్లేట్లకు 2,000. సాయంత్రం పకోడీలు, కాఫీ రెండు రోజులకు వెయ్యి. పనివాళ్ల చేతిలో పెట్టింది మరో వెయ్యి. చెప్పిన ధర మీద నాలుగో వంతుకు పైగా పెరిగింది. అప్పటి నుంచి ఇంటివాళ్లతో ఫోనులో ఒకే ప్రశ్న అడుగుతున్నాను: మేము మీ గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి తిరిగి వెళ్లేదాకా మొత్తం ఎంత ఇవ్వాలి? జవాబును వాట్సాప్‌లో రాసి పంపమంటాను. మంచి ఇంటివాళ్లు ఎవరూ దీనికి నొచ్చుకోలేదు.

ఇప్పుడు 2024కి వద్దాం. పసివాళ్లుగా వచ్చిన నలుగురికీ పన్నెండు, పదమూడేళ్లు వచ్చాయి. అందరికీ పూర్తి ధరే. తలకు 2,400 చొప్పున 14 మందికి రాత్రికి 33,600. విని గుండె గుభేలుమంది. అప్పుడు ఇల్లంతా ఒకేసారి ఇస్తే ఎంత అని అడిగాను. ఐదు గదులూ కలిపి 22,000, ఫలహారం అందులోనే, రాత్రి భోజనం ప్లేటుకు 350 అన్నారు. భోజనాలకు 4,900 కలిపితే 26,900. రాత్రికి 6,700, రెండు రాత్రులకు 13,400 మిగిలింది. చిన్నపిల్లలు ఉన్నంతకాలం తలకు ఇంత అన్న పద్ధతి మాకు మేలు చేసింది, వాళ్లు ఎదిగాక ఇల్లంతా తీసుకోవడం మేలయింది.

ఎక్కడ మారుతుందో తేల్చడం కష్టమేమీ కాదు. తల ధరలోంచి భోజనం ధర తీసేస్తే 2,050 వస్తుంది. ఇంటి అద్దె 22,000ను దానితో భాగిస్తే పదికి పైన, పదకొండుకు లోపల. అంటే పూర్తి ధర ఇచ్చేవాళ్లు పదకొండు మంది ఉంటే ఇల్లంతా తీసుకోవాలి, పది మందే అయితే తలకు ఇచ్చుకోవడం మంచిది. బుకింగ్‌కు ముందు రెండు ధరలూ అడిగి ఈ భాగహారం చేయండి. ఐదు నిమిషాల పని.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇల్లంతా తీసుకున్నాక ఒక కుటుంబం చివరి నిమిషంలో రాలేకపోతే అద్దె తగ్గదు. నలుగురు మానుకుంటే పది మంది మీద 25,500 పడుతుంది. తలకు ఇచ్చుకున్నా 24,000తో పోయేది. అందుకని మాలో మేము ఒక నియమం పెట్టుకున్నాం. పదిహేను రోజుల లోపు మానుకుంటే అద్దెలో వాటా ఇవ్వాలి, భోజనాల వాటా అక్కరలేదు. మొదట చెప్పుకోవడానికి అందరికీ మొహమాటంగానే ఉండింది. బంధువుల మధ్య డబ్బు విషయం ప్రయాణానికి ముందు మాట్లాడుకుంటే మాటతో పోతుంది, తరువాత అయితే మనసులో ఉండిపోతుంది.

అలా మనసులో ఉండిపోయిన విషయం ఒకటి చెప్పాలి. మొదటి నుంచీ ఖర్చును నాలుగు కుటుంబాలకు సమానంగా పంచేవాళ్లం. పిన్ని, బాబాయిలకు పిల్లలు లేరు. ఇద్దరే అయినా నలుగురున్న కుటుంబంతో సమానంగా ఇచ్చేవారు. బాబాయి పోయాక 2022లో పిన్ని ఒక్కతే వచ్చింది. ఆ ఏడాది కూడా నేను నాలుగో వంతు రాశాను, ఆమె పెన్షన్ డబ్బుల్లోంచి మాట్లాడకుండా ఇచ్చేసింది. మరుసటి ఏడు పుస్తకం తిరగేస్తుంటే నాకు తట్టింది. ఒక్క మనిషి నలుగురి ఖర్చు మోసింది, పంచింది నేను. ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. ఇప్పుడు ఇంటి అద్దెను తలలను బట్టి పంచుతున్నాం. పదేళ్లు దాటితే ఒక వాటా, లోపు అయితే అర వాటా. బండి ఖర్చు సీట్లను బట్టి. అన్నట్టు, టెంపో ట్రావెలర్‌కు రోజుకు కనీస కిలోమీటర్ల లెక్క ఉంటుంది. రెండో రోజు బండి తోట దగ్గర నిలబడి ఉన్నా ఆ కిలోమీటర్లకు డబ్బు కట్టాలి, డ్రైవర్ బత్తా అదనం.

పన్ను విషయం కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆపైన 18 శాతం. ఇల్లంతా ఒకే యూనిట్‌గా బిల్లు వేస్తారా (అప్పుడు అద్దె 7,500 దాటిపోతుంది), గదులవారీగా వేస్తారా అన్నది ముందే అడగండి, తేడా వేలల్లో ఉంటుంది. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న చిన్న ఇళ్లవాళ్లు జీఎస్‌టీ నమోదు చేసుకోనక్కరలేదు. అదే ఇల్లు యాప్‌లో బుక్ చేస్తే పన్ను యాప్ వాళ్లు కడతారు, అది మన బిల్లులో పడుతుంది. ఒకసారి యాప్‌లో చూసి వేరే ఇల్లు తీసుకున్నాం. పేరు చెప్పను. భోజనంతో సహా అని రాసి, మాంసం కూరకు వేరే ధర, నేల మీద వేసిన ప్రతి అదనపు పరుపుకూ 800 వసూలు చేశారు. మళ్లీ అటు వెళ్లలేదు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో ధరలు తగ్గుతాయి. ముసలివాళ్లతో అప్పుడు వెళ్లమని మాత్రం నేను చెప్పను. జలగలు, కరెంటు కోతలు, జారే దారులు. 2018 ఆగస్టులో మేము వెళ్లాల్సిన వారంలోనే కొడగులో కొండచరియలు విరిగిపడ్డాయి. అడ్వాన్సు గురించి అడగడానికి మాకు నోరు రాలేదు. ఇంటాయన తన తోట దారి కొట్టుకుపోయి ఉన్నా, పది రోజుల్లో మొత్తం డబ్బు తిరిగి పంపారు. ఆ తరువాత ఆ ఇంట్లో మేము బేరం ఆడలేదు.

బేరం ఆడే వాళ్లకు ఒక మాట. పద్నాలుగు మందికి అక్కి రొట్టెలు (బియ్యప్పిండి రొట్టెలు) కాల్చడానికి ఆ ఇంటావిడ తెల్లవారకముందే లేస్తుంది. మాలో మాంసం తినని వాళ్ల కోసం వేరే గిన్నెలు పెడుతుంది. ధర తగ్గించమని అడిగేకంటే తేదీలు మార్చుకోవడంలో నిజమైన ఆదా ఉంది. దసరా, క్రిస్మస్ రోజుల్లో చెప్పే ధరకూ, మామూలు మంగళ, బుధవారాల ధరకూ చాలా తేడా ఉంటుంది. మా పిల్లల బడులు కుదరక మేమే దాన్ని ఎక్కువగా వాడుకోలేకపోయాం.

ఈసారి పరీక్షలయ్యాక, మార్చి చివరి వారంలో వెళ్తున్నాం. వాన ఒక జల్లు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, మల్లెల వంటి వాసన ఇల్లంతా నిండుతుంది. పన్నెండు మందిమి, అందరిదీ పూర్తి ధరే, కాబట్టి ఇల్లంతా తీసుకున్నాం. అడ్వాన్సు నిన్న పంపాను. పిన్ని వాటా పన్నెండో వంతు అని పుస్తకంలో మొదటి వరుసలోనే రాశాను.